బృహన్నల నుండి అభిమాన కథల వరకు: పునఃకథనములలో పాత్రల లింగస్వరూపము

ఒకరు చెప్పిన కథను మరియొకరు మరల చెప్పుట తెలుగు సాహిత్యమునకు కొత్త కాదు. 11వ శతాబ్దమున నన్నయభట్టు భారతమును తెనిగింపబూనుటయే తెలుగు కావ్యచరిత్రకు తొలిమెట్టుగా పరిగణింపబడుచున్నది. తిక్కన, ఎఱ్ఱనలు ఆ కార్యమును పూర్తిచేసిరి. పిమ్మట యక్షగానకర్తలు, వీథిభాగవతులు, హరిదాసులు, నాటకకర్తలు, చలనచిత్రకారులు అవే పాత్రలను తమ తమ కాలములకు తగినట్లు మలచుకొనిరి. ఈనాడు ఫ్యాన్ ఫిక్షన్ అను పేర ప్రపంచమున వ్యాపించిన రచన ఈ పాత వృత్తికే కొత్త రూపము. తమకు ప్రియమైన గ్రంథములోని పాత్రలను గైకొని, పాఠకులే స్వయముగా అల్లుకొను కథలకు ఆ పేరు చెల్లుచున్నది. తెలుగున దీనిని అభిమాన కథ యనవచ్చును. అమెరికాలో 1967లో స్టార్ ట్రెక్ అను టెలివిజన్ కథావళి అభిమానులు వెలువరించిన స్పాకనేలియా అను చిన్న పత్రిక ఇట్టి రచనలకు తొలి ఆశ్రయములలో నొకటి. 1992లో హెన్రీ జెంకిన్స్ తన టెక్స్‌చువల్ పోచర్స్ అను గ్రంథమున ఈ రచనను విద్యావిషయముగా పరిశీలించెను. 2019లో ఇట్టి కథల భాండారమైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌కు హ్యూగో పురస్కారము లభించెను.

అభిమాన కథకులు పాత్రను సృష్టింపరు. ఉన్న పాత్రలో దేనిని నిలుపవలెనో, దేనిని మార్పవలెనో నిర్ణయింతురు. అందుచేత వారి అభిప్రాయము ఆ మార్పునందే వెల్లడియగును. ముఖ్యముగా పాత్ర పురుషుడా, స్త్రీయా, ఉభయమునకు వెలియా అను విషయమున కథకులు చేసిన మార్పులను వరుసగా పరిశీలించినచో, శతాబ్దములు గడచినను మారని కొన్ని పద్ధతులు కానవచ్చును. ఆ పద్ధతులు ఏవి, వానివలన పాత్రకు కలిగిన లాభనష్టములు ఎట్టివి అనుట ఇచ్చట విచారింపదగియున్నది.

తెలుగువారికి మిక్కిలి పరిచితమైన ఉదాహరణము బృహన్నల. అజ్ఞాతవాసమున అర్జునుడు విరాటుని అంతఃపురమున నాట్యాచార్యుడై ఉత్తరకు ఆటపాటలు నేర్పెను. దీనికి హేతువుగా చెప్పబడు కథ యందరెరిగినదే. ఇంద్రలోకమున ఊర్వశి కోరికను అర్జునుడు తిరస్కరించుటయు, ఆమె కినిసి శపించుటయు, ఇంద్రుడు ఆ శాపమును ఒక యేటికి కుదించుటయు అరణ్యపర్వకథగా వ్యాప్తిలోనున్నవి. అయితే పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ వారు బహుప్రతులను పోల్చి సిద్ధపరచిన సంస్కృత భారత పరిష్కృతప్రతిలో ఈ ఊర్వశీవృత్తాంతము మూలమున చేర్పబడక అనుబంధమునకు తరలింపబడినది. అనగా ఇది తరువాతి కథకుల చేర్పు అని ఆ పండితుల నిర్ణయము. విరాటపర్వారంభమున అర్జునుడు తానీ రూపము దాల్చెదనని తానే సోదరులకు చెప్పును. ఆ నిర్ణయమునకు శాపమును జోడించినవారు తరువాతివారు.

ఇట్లు జోడింపవలసిన అవసరమేమి? వీరుడు తన యిచ్ఛచేత ఆ రూపమును గైకొనెననుట శ్రోతలకు కొరుకుడుపడలేదు కాబోలు. శాపమున్నచో దోషము శపించినవారిది. వీరుని పౌరుషమునకు మచ్చ లేదు. గడువున్నచో భయము లేదు. ఏడు తిరుగగానే అంతయు మునుపటివలె నగును. తుదకు ఉత్తరగోగ్రహణమున జమ్మిచెట్టు కడ గాండీవము చేపట్టి తన్ను వెల్లడించుకొనుటతో కథ కుదుటపడును. కారణము, గడువు, ప్రకటనము అను ఈ మూడంగములును పునఃకథనములలో లింగపరివర్తనమునకు నియమములైనవి. మూడును కలసిన చోట శ్రోత నిశ్చింతగా ఆనందించును.

1963లో వెలువడిన నర్తనశాల చిత్రము ఈ నియమములకు లోబడియే మిక్కిలి ఉదాత్తముగా నిర్వహింపబడినది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున నందమూరి తారక రామారావు బృహన్నలగా నటించెను; నృత్యములను వెంపటి పెదసత్యము కూర్చెను. చిత్రమునకు పేరే బృహన్నల పనిచేసిన తావునుబట్టి పెట్టబడుట గమనింపదగినది. వేషమును నవ్వులపాలు చేయక, ఆచార్యత్వమును ముందుంచుట ఆ చిత్రపు గొప్పతనము. అయినను ప్రేక్షకుడు పాత్రను గౌరవించుటకు హేతువు, లోపల అర్జునుడున్నాడను తెలివిడియే. లోపల అర్జునుడు లేని బృహన్నలకు ఆ గౌరవము దక్కునా అను ప్రశ్న అట్లే మిగులుచున్నది.

ఆ ప్రశ్నకు లోకము ఇచ్చిన యుత్తరమొకటి చట్టపు పుటలలో నున్నది. నైజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, నపుంసకుల విషయమై ఒక శాసనము పుట్టెను. స్త్రీవేషముతో బహిరంగస్థలమున కనబడినందుకే వారిని వారంటు లేకయే నిర్బంధించుటకు అది వీలుకల్పించెను. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదపను తెలంగాణ ప్రాంతమున ఆ శాసనము కొనసాగినది. చిత్రశాలలో బృహన్నలకు చేతులు తట్టిన 1963లో గూడ అది రద్దు కాలేదు. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది 2023 జూలైలో. తెరపై పూజ్యమైన రూపము వీథిలో నేరమగుట వింతగా తోచినను, పైన చెప్పిన నియమములనుబట్టి చూచినచో వింత కాదు. తెరమీది రూపమునకు గడువున్నది. వీథిలోని రూపమునకు గడువు లేదు.

ఈ భేదము శిఖండి పాత్రయందు మరింత స్పష్టపడును. ఉద్యోగపర్వాంతమున చెప్పబడిన కథలో ద్రుపదుని కూతురు కొడుకుగా పెంపబడెను. దశార్ణదేశపు రాజకుమారితో వివాహమైన పిదప నిజము బయటపడగా, ప్రాణత్యాగమునకు సిద్ధపడి అడవి చేరెను. అచట స్థూణాకర్ణుడను యక్షుడు తన పురుషత్వమునిచ్చి ఆమె స్త్రీత్వమును గ్రహించెను. కుబేరుని శాపముచేత ఆ మార్పు శిఖండి బ్రతికియున్నంతకాలము నిలిచెను. ఆ మీదట శిఖండి రథికుడై పాండవసేనలో పోరెను. క్షత్రదేవుడను కుమారునికి తండ్రియయ్యెను. ఇదియంతయు పురుషజీవనమే. అయినను భీష్ముడు ఆ జన్మవృత్తాంతమును తలచి, అతనిపై అస్త్రము ప్రయోగింపనని వ్రతము పూనెను.

అనగా మూలకథలో శిఖండిని గూర్చి రెండు తీర్పులున్నవి. శిఖండి బ్రతికిన బ్రతుకు ఒక తీర్పు; భీష్ముని మాట రెండవది. తరువాతి కథకులలో పెక్కుమంది భీష్ముని చూపునే గైకొనిరి. రంగస్థలమునను, తెరపైనను శిఖండి సాధారణముగా పదియవనాటి యుద్ధమున అర్జునుని ముందు నిలుచు అడ్డుతెరగా మాత్రమే కానవచ్చును. అడవిలో అతడు పడిన వేదన గాని, యక్షుని కడ చేసిన విన్నపము గాని, యక్షునితో చేసికొన్న ఒప్పందమును మన్నించి మాట తప్పక తిరిగివచ్చిన సత్యనిష్ఠ గాని ప్రేక్షకునికి తెలియదు. తుదకు ఆ పేరు వాడుకలో తిట్టుగా దిగజారెను. బృహన్నలకు గడువున్నది గనుక కీర్తి వచ్చెను. శిఖండికి గడువు లేదు గనుక నింద వచ్చెను. పాత్రల గుణములలో ఇంత భేదమునకు తగిన హేతువేదియు కానరాదు.

స్త్రీ పురుషధర్మమును వహించిన పాత్రలకు మరియొక పద్ధతి ఏర్పడినది. జైమినిభారతకథలోని ప్రమీల స్త్రీరాజ్యమును పాలించి, అశ్వమేధాశ్వమును కట్టి, అర్జునుని ఎదిర్చిన వీరురాలు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు ఆ భారతమును తెనిగించెను. 1965లో ప్రమీలార్జునీయము చిత్రమై వెలువడెను. ఈ కథకు ముగింపు వివాహము. ఇచ్చట శాపమునకు బదులు ప్రణయము ప్రవేశించినను చేయు పని యొక్కటే. వెలికి జరిగిన పాత్రను తిరిగి గడపలోనికి తెచ్చుట. మణిపుర రాజపుత్రి చిత్రాంగద విషయమున రవీంద్రనాథ ఠాకూరు 1892 నాటి నాటకమున దీనిని కొంత సడలించెను. ఆయన చిత్రాంగద వరముగా పొందిన సౌందర్యమును విడిచి, తన నిజరూపముతోనే అర్జునుని యెదుట నిలుచును. 2012లో ఋతుపర్ణ ఘోష్ అదే పేరుతో తీసిన వంగచిత్రమున ఆ నాటకమునే ఆధారముగా గొని, తన దేహమును తానే నిర్ణయించుకొనగోరిన నాట్యకారుని కథ చెప్పెను. ఒకే పాత్ర నూటయిరువది యేండ్లలో ఎంత దూరము నడిచినదో దీనివలన తెలియును.

ఇచ్చట పాత్రకును నటునికిని గల భేదమును మరువరాదు. స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా తెలుగుదేశమును ముగ్ధము గావించెను. 1956లో పద్మశ్రీ పొందెను. కూచిపూడి ప్రదర్శనలలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామావేషము సుప్రసిద్ధము. సురభి నాటకసమాజములలో స్త్రీలు పురుషపాత్రలను ధరించుట కలదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్లారి రాఘవ వాదించి, కులస్త్రీలను రంగస్థలమునకు తెచ్చుటకు పాటుపడెను. ఆ వాదమునకు మూలము స్త్రీలకు కళయందు తావు కల్పించుట, అది న్యాయమే. ఈ వివాదమున ఇరుపక్షములును నటుని గూర్చియే మాటలాడినవి. పాత్ర తన్ను తాను ఏమని యెంచుకొనుచున్నదను విచారమునకు అచట అవకాశము లేకపోయెను. సత్యభామను పురుషుడు ధరించినను సత్యభామ స్త్రీయే. కావున స్త్రీవేషధారణ పరంపర ఎంత గొప్పదైనను, అది లింగస్వరూపమును గూర్చిన సహనమునకు నిదర్శనమని తొందరపడి చెప్పరాదు.

అయితే కోలారు, బెంగళూరు ప్రాంతములలో వేషమునకును స్వరూపమునకును నడుమనున్న మరియొక స్థితి కానవచ్చును. అది కరగ ఉత్సవము. బెంగళూరు ధర్మరాయస్వామి దేవాలయమున చైత్రపూర్ణిమనాడు జరుగు కరగ ప్రసిద్ధము. కోలారు మండలపు ఊళ్లయందును కరగలు జరుగుచుండును. తిగళ కులమునకు చెందిన పురుషుడు చీర, గాజులు, మల్లెపూలు ధరించి, తలపై కరగము నిలుపుకొని, కత్తులు బూనిన వీరకుమారులు వెంటరాగా రాత్రియంతయు ఊరు తిరుగును. భార్య తన మంగళసూత్రమును అతనికి అప్పగించును. ఆ రాత్రి అతడు ద్రౌపది. ఇచ్చట శాపము లేదు, నవ్వు లేదు, దాచుట లేదు గనుక ప్రకటించుటయు లేదు. అతడు ఫలానావాడని ఎల్లరెరుగుదురు. ఎరిగియే చేతులు జోడింతురు. గడువు మాత్రము ఇచ్చటను కలదు. భారతమును మరల చెప్పుటలో మాటలకు బదులు దేహమునే వాడుకొన్న ఈ పునఃకథనము, పైన చెప్పిన మూడంగములలో రెండింటిని విడిచియు జనుల భక్తిని నిలుపుకొనగల్గినది. కావున శ్రోతలు సహింపరను వాదము కథకులకు ఊతగా నిలువదు. గౌరవముతో చూపినచో జనులు గౌరవముతోనే చూతురు.

ఈనాటి అభిమాన కథలకు వచ్చినచో, లోకమున వాడుకలోనున్న పద్ధతులను నాలుగుగా విభజింపవచ్చును. మొదటిది, పురుషపాత్రను పుట్టుకతోనే స్త్రీగా, లేక స్త్రీపాత్రను పురుషునిగా ఊహించి, కథ యెట్లు మారునో చూచుట. రెండవది, మంత్రముచేతనో యంత్రముచేతనో నడుమ మార్పు కలిగించి, తుదకు సరిచేయుట. మూడవది, మారువేషము. నాల్గవది, పాత్ర తనకు ఇతరులు పెట్టిన లింగము తనది కాదని తెలిసికొని, తనదైనదానిని వెల్లడించుట. రెండవదియు మూడవదియు ఊర్వశీశాపమునకును జమ్మిచెట్టునకును కొత్త పేర్లు. మొదటిది ప్రయోజనకరమైన ప్రశ్నను లేవదీయును. ధర్మరాజు స్త్రీయై జూదమాడినచో సభ ఏమనియుండునను ఊహ పాఠకుని ఆలోచింపజేయును. కాని అందు మారునది లోకము పాత్రను చూచు చూపే. పాత్ర తన్ను తాను చూచుకొను చూపు కాదు. నాల్గవ పద్ధతి మాత్రమే కొత్తది. అందును ఒక లోపము తరచుగా తటస్థించును. పాత్ర తన లింగమును ప్రకటించుటతోనే కథ ముగియును. ఆ పిదప ఆ మనుష్యుడు ఏ పని చేసి బ్రతికెను, ఎవరితో కలహించెను, ఎవరికి అన్నము పెట్టెను అను విషయములు రావు. ప్రకటనము మొదటి గడప కావలసినది తుది గోడ యగుచున్నది.

తెలుగున ఇట్టి కథ వ్రాయుటలో భాషకు సంబంధించిన విశేషమొకటి కలదు. చాంపియన్ రీఫ్స్ వంటి గనుల ఊళ్లలో కన్నడము, తమిళము, తెలుగు ఒక్క వీథిలోనే వినబడును. ఈ మూడింటిని పోల్చుట అచటివారికి నిత్యానుభవము. కన్నడమున బందను, బందళు అనియు, తమిళమున వందాన్, వందాళ్ అనియు వచ్చినవాడు పురుషుడో స్త్రీయో క్రియయే చెప్పును. తెలుగు గ్రంథభాషలో రాముడు వచ్చెను, సీత వచ్చెను అని రెంటికిని ఒకటే క్రియ. తిక్కన బృహన్నల కథను చెప్పునప్పుడు భూతకాలక్రియ ఆయనను పాత్ర లింగమేదని నిలదీయలేదు. వ్యావహారికమున వచ్చాడు, వచ్చింది అను రూపములు నిలదీయును. ఈనాటి కథకులు వాక్యము వాక్యమునకును ఒక పక్షమును ఎన్నుకొనక తప్పదు. ఆ యెన్నికను ఆలోచింపక చేసినచో, పాత్ర నోట ఒకమాటయు కథకుని నోట వేరొక మాటయు వెలువడి, కథ తన్ను తానే ఖండించుకొనును. ఇక అది అను సర్వనామమునకు పరుగెత్తుట మనుష్యుని వస్తువుగా జేయుటయే.

కాని భాషయే దారియు చూపుచున్నది. మర్యాదార్థమున వాడు బహువచనమునకు లింగభేదము లేదు. వారు వచ్చిరి, వారు వచ్చారు అన్నప్పుడు పురుషుడా స్త్రీయా అను ప్రశ్న పుట్టదు. బందరు, వందార్ అనుటలోను అంతే. గౌరవము చూపినంతనే భాష లింగమును అడుగుట మానును. తాను, తన అను మాటలకును లింగము లేదు. అన్నింటికంటె ముఖ్యమైనది ఉత్తమపురుష. హిందీలో నేను వచ్చితినని చెప్పుటకు ఆయా, ఆయీ అను రెంటిలో నొకటి ఎన్నుకొనవలెను. తెలుగున వచ్చితిని అనుటకు ఆ పని లేదు. మంచివాడను, మంచిదానను అను కొన్ని నామరూపములయందు తప్ప, తన్ను గూర్చి తాను చెప్పుకొనువారిని తెలుగు భాష ఈ ప్రశ్న అడుగదు. ఎదుటివారు చెప్పునప్పుడే ఆ ప్రశ్న పుట్టును. శిఖండి కథలో జరిగినదియు ఇదియే. భీష్ముడు చెప్పగా విన్నారు. శిఖండి చెప్పగా వినలేదు.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చును. ప్రాచీనపాత్రలకు నేటి భావములను అంటగట్టుట అనౌచిత్యము కాదా? ఈ ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. శిఖండి నోట నేటి సభలలోని ఉపన్యాసమును పలికించినచో అది కథ కాక కరపత్రమగును. అయితే నేటి భావమని తలచునది యంతయు నేటిది కాదు. అమరకోశము తృతీయాప్రకృతి యను పదమును ఎరుగును. ఆనుశాసనికపర్వమున భంగాస్వనుడను రాజు స్త్రీగా మారి, ఇంద్రుడు తిరిగి పురుషత్వమునిచ్చెదననగా, వలదు, ఇట్లే యుందునని తానే కోరుకొనెనని కథ కలదు. అందు మార్పునకు కారణమున్నది, గడువు లేదు, ఎన్నిక పాత్రది. విచిత్రమేమనగా ఆ కథను ధర్మరాజునకు చెప్పినవాడు శిఖండిని నిరాకరించిన భీష్ముడే. బృహన్నలకు దక్కిన ప్రచారము ఈ కథకు దక్కలేదు. మూలమున లేని శాపమును చేర్చుట ఔచిత్యమై, మూలముననున్న కోరికను విడుచుట గూడ ఔచిత్యమైనచో, అనౌచిత్యమను మాట ఒక్క దిక్కునకే ప్రయోగింపబడుచున్నదని తేలును.

కథ చెప్పువారు మారినచో కథయు మారుననుటకు కర్ణాటకమున ఒక దృష్టాంతమున్నది. రేణుక యెల్లమ్మ కథను పాడి ఆడు జోగతుల పరంపరకు చెందిన మంజమ్మ జోగతి 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యెను. 2021లో పద్మశ్రీ అందుకొనెను. పరులు చెప్పగా వినబడిన బ్రతుకు, స్వయముగా పాడగా వినబడినప్పుడు, నవ్వుటకు వచ్చినవారు కూర్చుండి విందురు. విమర్శకునికి దీనికి మించిన ప్రమాణము అక్కరలేదు.

కావున పునఃకథనమును తూచుటకు మూడు ప్రశ్నలు చాలును. పాత్ర స్వరూపమునకు కథకుడు కారణమును వెదకుచున్నాడా, లేక ఉన్నదానిని ఉన్నట్లు అంగీకరించుచున్నాడా? గడువు తీరిన పిదపనే గౌరవించుచున్నాడా, గడువు లేకున్నను గౌరవించుచున్నాడా? ప్రకటనముతో కథను ముగించుచున్నాడా, అచట మొదలిడుచున్నాడా? 2014 ఏప్రిల్ 15న భారత సర్వోన్నత న్యాయస్థానము, తమ లింగమేదో తామే చెప్పుకొను హక్కు మనుష్యులకు కలదని తీర్పు చెప్పెను. ఆ తీర్పునకు తొమ్మిదేండ్ల పిదపగాని నైజాము నాటి శాసనము తొలగలేదు. చట్టమునకు ఇంత కాలము పట్టినచో తిట్టుగా మారిన పేరు తిరిగి పేరగుటకు ఎంత కాలము పట్టునో ఊహింపవచ్చును. ఆ పని న్యాయస్థానములది కాదు, కథ చెప్పువారిది. భారతమును వేయేండ్లుగా మరల మరల చెప్పుకొనుచున్న తెలుగువారు, స్థూణాకర్ణుని వనము కడ శిఖండి పలికిన మాటను గూడ ఒకమారు సావధానముగా వినవలసియున్నది.